గుంటూరు నుంచి మెకానికల్ మాస్టర్స్‌కు: అమెరికాయా, జర్మనీయా అని అడిగే ముందు

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా చెబుతాను. మీరు విజయవాడ దగ్గర కాకినాడ జేఎన్‌టీయూ అనుబంధ కళాశాలలో బీటెక్ మెకానికల్ చివరి సంవత్సరంలో ఉన్నారు. ఇప్పటివరకు 74 శాతం మార్కులు వచ్చాయి. రెండో సంవత్సరంలో రెండు సబ్జెక్టులు పోయి, సప్లిమెంటరీలో పూర్తయ్యాయి. నాన్నగారు గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో ప్లాంటు చూసుకుంటారు. అప్పుతో కలిపి ముప్పై లక్షల వరకు పెట్టగలరు. బెంజి సర్కిల్ దగ్గరి కన్సల్టెన్సీ బ్రిటన్‌లో ఏడాది కోర్సు చేయమంటోంది, స్నేహితులు అమెరికా అంటున్నారు, సీనియర్ ఒకరు జర్మనీ అంటున్నారు, బంధువులైతే మెకానికల్ వదిలేసి కంప్యూటర్స్ చూసుకోమంటున్నారు. ఏ దేశం మంచిదో, సప్లీలు అడ్డమవుతాయో లేదో, పొలం మీద అప్పు ఇస్తారో లేదో తేల్చి చెప్పమన్నారు. నేను జర్మనీలో మాస్టర్స్ చేసి, శీతలీకరణ కంప్రెసర్ల డిజైనులో చాలాకాలం పనిచేసి, ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాను కాబట్టి ఈ మూడింటి గురించీ కొంత వివరంగానే చెప్పగలను.

సాఫ్ట్‌వేర్ వారికి పనికొచ్చే సలహాను మెకానికల్ వారికి యథాతథంగా ఇవ్వడం మన ప్రాంతంలో జరుగుతున్న ప్రధానమైన పొరపాటు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఎక్కడ కూర్చుని చేసినా ఒకటే; మెకానికల్ ఉద్యోగం మాత్రం ఫ్యాక్టరీ ఉన్న ఊళ్లోనే ఉంటుంది. ఆ ఫ్యాక్టరీలో టెక్నీషియన్లు మాట్లాడే భాషలోనే ఉంటుంది, ఆ దేశపు రక్షణ చట్టాల పరిధిలోనే ఉంటుంది. ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే మేస్త్రీతో తెలుగు రాని ఇంజనీరు ఎంతకాలం పని చేయించగలడో ఆలోచిస్తే విషయం అర్థమవుతుంది. అందువల్ల విశ్వవిద్యాలయం ర్యాంకు చూసే ముందు మీరు తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి: మెకానికల్‌లో ఏ శాఖ మీకు కావాలి, ఆ శాఖకు సంబంధించిన పరిశ్రమ ఎక్కడ ఉంది, అక్కడ విదేశీయుణ్ణి పనిలోకి తీసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుందా, అక్కడి భాష మీరు నేర్చుకుంటారా. వీటికి సమాధానాలు దొరికితే దేశం చాలావరకు దానంతటదే తేలుతుంది.

అమెరికా గురించి చెప్పేటప్పుడు కన్సల్టెన్సీలు దాదాపు ఎప్పుడూ ప్రస్తావించని అంశం ఎగుమతి నియంత్రణ. ఐటార్ అని పిలిచే నిబంధనల ప్రకారం క్షిపణులు, ఉపగ్రహాలు, యుద్ధ విమానాలు వంటి రక్షణ సంబంధ సాంకేతిక సమాచారాన్ని ప్రత్యేక అనుమతి లేకుండా విదేశీయులకు చూపకూడదు. అక్కడి పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికి, శరణార్థి హోదా పొందినవారికి మాత్రమే ఆ సమాచారం అందుతుంది. అనుమతి తెచ్చుకునే శ్రమ ఎందుకని చాలా సంస్థలు ఉద్యోగ ప్రకటనలోనే ఈ షరతు రాసేస్తాయి. ఏరోస్పేస్ మీద మక్కువతో వెళ్లి, ప్రొపల్షన్‌లో మంచి గ్రేడ్లు తెచ్చుకుని, చివరి సెమిస్టరులో దరఖాస్తులు పెడుతున్నప్పుడు ఈ గోడ ఎదురైన మన పిల్లలు చాలామంది ఉన్నారు. అదే వాహన విడిభాగాలు, హెచ్‌వీఏసీ (భవనాల ఏసీ, వెంటిలేషన్ వ్యవస్థలు), సెమీకండక్టర్ పరికరాలు, వైద్య పరికరాలు, ప్యాకేజింగ్ యంత్రాలు వంటి రంగాలలో ఈ అడ్డంకి చాలా తక్కువ. కాబట్టి అమెరికా అనుకుంటే శాఖను ఎంచుకునేటప్పుడే ఈ తేడా దృష్టిలో పెట్టుకోవాలి.

రెండో సంగతి ఓపీటీ, అంటే విద్యార్థి వీసా మీదే ఉద్యోగం చేసుకునే తాత్కాలిక అనుమతి. చదువు ముగిశాక 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కోర్సు కనుక మరో 24 నెలలు పనిచేసే అవకాశం ఉంటుంది. అయితే చేసే పని చదివిన చదువుకు నేరుగా సంబంధించినదై ఉండాలి. మొదటి 12 నెలల్లో మొత్తం 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు; పొడిగింపుతో కలిపితే ఆ పరిమితి 150 రోజులు. స్టెమ్ పొడిగింపులో యజమాని శిక్షణ ప్రణాళికను రాసి సంతకం చేయాలి. ‘మెకానికల్‌లో ఎంఎస్ చేసి సాఫ్ట్‌వేర్‌లోకి మారిపోవచ్చు’ అన్న పాత మాట ఇప్పుడు ఎందుకు ప్రమాదకరమో దీన్నిబట్టి మీకు తెలుస్తుంది. ఆ తరువాత హెచ్-1బి ఉద్యోగ వీసా. ఏటా సాధారణ కోటా 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి అదనంగా 20,000. దరఖాస్తులు అంతకు ఎన్నో రెట్లు వస్తాయి. దీనికి తోడు 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అమెరికాలోనే చదువుకుని అక్కడే హోదా మార్చుకునేవారికి అది వర్తించదని తరువాత వివరణ ఇచ్చినప్పటికీ, చిన్న సంస్థలు విదేశీ విద్యార్థిని తీసుకోవడానికి వెనుకాడుతున్నాయి. ఖర్చు సంగతికొస్తే, ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో కూడా రెండేళ్ల ఫీజు, బస, భోజనం, బీమా కలిపి నలభై లక్షలు దాటడం మామూలే. మీ ముప్పై లక్షలలో అది ఇమడదు.

అలాగని అమెరికాను పూర్తిగా కొట్టివేయనక్కరలేదు. పరిశోధన మీద నిజంగా ఆసక్తి ఉంటే నేరుగా పీహెచ్‌డీకి దరఖాస్తు చేయవచ్చు. అక్కడ పీహెచ్‌డీ విద్యార్థికి ఫీజు మాఫీతో పాటు నెలవారీ భృతి ఇస్తారు. కాకపోతే అది అయిదేళ్ల మాట. పీహెచ్‌డీ పేరుతో చేరి మాస్టర్స్ తీసుకుని బయటపడదామనే ఆలోచనతో ప్రొఫెసర్‌కు ఉత్తరం రాయడం సరికాదు.

ఇక జర్మనీ. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ఫీజు ఉండదు, సెమిస్టరు రుసుము మాత్రమే కట్టాలి. కానీ ‘జర్మనీలో చదువు ఉచితం’ అనే మాట ఇప్పుడు అన్నిచోట్లా నిజం కాదు. స్టుట్‌గార్ట్, కార్ల్స్‌రూహె ఉన్న బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో 2017 నుంచి ఐరోపా సమాఖ్యకు చెందని విద్యార్థులు సెమిస్టరుకు 1,500 యూరోలు చెల్లించాలి. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024 చలికాలపు సెమిస్టరు నుంచి మాస్టర్స్‌కు సెమిస్టరుకు 4,000 నుంచి 6,000 యూరోల వరకు వసూలు చేస్తోంది. వీసా కోసం బ్లాక్డ్ ఖాతాలో ఏడాదికి 11,904 యూరోలు, అంటే దాదాపు పన్నెండు లక్షల రూపాయలు, ముందే జమ చేయాలి. అందులోంచి నెలకు 992 యూరోల చొప్పున మీకే తిరిగి వస్తాయి. రెండో ఏడాది ఖర్చును విద్యార్థి ఉద్యోగంతో చాలావరకు నెట్టుకురావచ్చు. ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేసే వీలుంది, 2026 జనవరి నుంచి కనీస వేతనం గంటకు 13.90 యూరోలు. కోర్సు నాలుగు సెమిస్టర్లే అయినా, ఇంటర్న్‌షిప్, థీసిస్ కలిపి అయిదు లేదా ఆరు సెమిస్టర్లు పట్టడం అక్కడ సర్వసాధారణం. మీ లెక్కలో ఆ అదనపు కాలాన్ని కూడా వేసుకోండి.

మీ మార్కులను అక్కడివారు ఎలా చూస్తారో కూడా ఇప్పుడే లెక్క వేసుకోవచ్చు. గరిష్ఠ మార్కుల నుంచి మీ మార్కులు తీసివేయాలి; వచ్చినదాన్ని గరిష్ఠ మార్కులకూ ఉత్తీర్ణత మార్కులకూ మధ్య తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలపాలి. 100కు 74 వచ్చి, ఉత్తీర్ణతకు 40 కావాలనుకుంటే మీ గ్రేడు 2.3. జర్మనీలో 1.0 అత్యుత్తమం, 4.0 కనీస ఉత్తీర్ణత. చాలా కోర్సులు 2.5 దగ్గర గీత గీస్తాయి, అంటే 70 శాతం దగ్గర. మీ గ్రేడు ఆ గీత లోపలే ఉంది కానీ దానికి ఎంతో దూరంలో లేదు. మిగిలిన సెమిస్టరును నిర్లక్ష్యం చేయకండి.

గ్రేడు సరిపోయినంత మాత్రాన సీటు రాదు. మన విద్యార్థుల దరఖాస్తులు ఎక్కువగా తిరస్కరణకు గురయ్యేది సబ్జెక్టు క్రెడిట్ల దగ్గర. గణితం, ఇంజనీరింగ్ మెకానిక్స్, థర్మోడైనమిక్స్, మెషిన్ ఎలిమెంట్స్, మెటీరియల్స్, కంట్రోల్ వంటి అంశాలలో ఒక్కొక్కదానికి ఇన్ని క్రెడిట్లు ఉండాలని ప్రతి కోర్సూ తన నిబంధనల్లో రాసుకుంటుంది. మన క్రెడిట్లకూ వారి క్రెడిట్లకూ కొలమానం వేరు. అందుకని మీ నాలుగేళ్ల సిలబస్ పుస్తకాన్ని ముందు పెట్టుకుని, ఒక్కో సబ్జెక్టులో యూనిట్ల వారీగా ఏమి చదివారో, వారానికి ఎన్ని గంటలు చదివారో, ల్యాబ్ ఎంతసేపో ఒక పట్టికగా రాసుకోండి. దాని మీద విభాగాధిపతి సంతకం, కళాశాల ముద్ర వేయించండి. సబ్జెక్టు పేరు చూసి పరిశీలకుడు తప్పుగా అర్థం చేసుకునే సందర్భాలలో ఈ పట్టికే మిమ్మల్ని కాపాడుతుంది. ఉదాహరణకు మన కైనమాటిక్స్ ఆఫ్ మెషినరీ, డైనమిక్స్ ఆఫ్ మెషినరీ సబ్జెక్టులు వారి మెకానిక్స్ లెక్కలోకి వస్తాయని పేరును బట్టి వారికి తెలియకపోవచ్చు. దీంతోపాటు మీ విద్యాపత్రాలు సరైనవేనని పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ ధ్రువపత్రం కావాలి. భారతీయ విద్యార్థులకు ఇది 2022 నవంబరు నుంచి తప్పనిసరి అయింది. దానికి వారాల సమయం పడుతుంది కాబట్టి మార్కుల మెమోలు చేతికి రాగానే దరఖాస్తు చేయండి, సీటు వచ్చాక చూద్దామని ఆగకండి.

పరీక్షల పద్ధతి కూడా తెలిసి వెళ్లాలి. ఇక్కడిలా ఇంటర్నల్స్ ముప్పై మార్కులు ఆదుకోవు. చాలా సబ్జెక్టులకు సెమిస్టరు చివర ఒక్క రాతపరీక్షే మొత్తం గ్రేడును నిర్ణయిస్తుంది. సాధారణంగా ఒక సబ్జెక్టుకు మూడు అవకాశాలు ఇస్తారు. మూడోసారీ తప్పితే ఆ కోర్సు నుంచే తొలగిస్తారు, అదే కోర్సును మరో విశ్వవిద్యాలయంలో చదవడానికి కూడా అనుమతి దొరకకపోవచ్చు. పార్ట్‌టైమ్ పనుల్లో పడి మొదటి సెమిస్టరు పరీక్షలను వాయిదా వేసుకునేవారికి ఈ సంగతి ఆలస్యంగా అర్థమవుతుంది.

ఇప్పుడు భాష. ఇంగ్లీషులో బోధించే మాస్టర్స్ కోర్సులు ఉన్న మాట నిజమే, వాటికి ఐఈఎల్‌టీఎస్ 6.5 ఉంటే చాలాచోట్ల సరిపోతుంది. కానీ చదువు ఇంగ్లీషులో ముగించుకుని ఉద్యోగానికి వెళితే, డ్రాయింగు మీది గమనికల నుంచి అసెంబ్లీ లైన్ మీద జరిగే సమావేశం వరకు అంతా జర్మన్‌లోనే ఉంటుంది. పెద్ద కార్ల సంస్థల పరిశోధన విభాగాలలో ఇంగ్లీషు నడుస్తుంది. పరిశ్రమకు వెన్నెముకైన మధ్యతరహా కుటుంబ సంస్థలలో నడవదు. చదువు తరువాత ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల గడువు ఇస్తారు, ఆ గడువు మీ భాషాస్థాయిని బట్టి సుదీర్ఘంగానో, మరీ కురచగానో అనిపిస్తుంది. ఇక్కడినుంచి బయలుదేరేలోగా జర్మన్‌లో బీ1 (మధ్యస్థ స్థాయి), చదువు ముగిసేలోగా దాని పై స్థాయి అయిన బీ2 దాటాలని నా గట్టి అభిప్రాయం. ఆరు నెలల్లో బీ2 అని గోడల మీద రాసే ప్రకటనలను నమ్మకండి. కార్ల పరిశ్రమ పరిస్థితి కూడా దాచకుండా చెప్పాలి. 2030 నాటికి జర్మనీలో 35,000 ఉద్యోగాలు తగ్గించుకునేలా ఫోక్స్‌వాగన్ 2024 డిసెంబరులో కార్మిక సంఘాలతో ఒప్పందం కుదుర్చుకుంది. కేవలం ‘ఆటోమొబైల్ అంటే ఇష్టం’ అనే కారణంతో వెళ్లడానికి ఇది అనువైన కాలం కాదు.

అయితే మీకు ఆటోమొబైల్ కన్నా మంచి దారి ఇంట్లోనే ఉంది. మీ ప్రశ్నలో నాన్నగారి ఉద్యోగాన్ని ఆదాయం చెప్పడానికి మాత్రమే ప్రస్తావించారు. నా దృష్టిలో మీ దరఖాస్తులో అన్నింటికన్నా విలువైన అంశం అదే. గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలు ఎక్కువగా అమోనియాతో నడిచే వేపర్ కంప్రెషన్ ప్లాంట్లు, అంటే ఆవిరిని కంప్రెసర్‌తో నొక్కి, మళ్లీ ద్రవంగా మార్చి చల్లదనం తెచ్చేవి. ప్రపంచమంతా ఇప్పుడు అమోనియా, కార్బన్ డయాక్సైడు వంటి సహజ శీతలకాల (చల్లదనం కోసం యంత్రంలో తిరిగే పదార్థాల) వైపు మళ్లుతోంది. 2016 కిగాలి సవరణ అనే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం, ఏసీలు, ఫ్రిజ్‌లలో వాడే హెచ్‌ఎఫ్‌సీ వాయువులను దశలవారీగా తగ్గించాలి. మన దేశం 2028 నుంచి వాటి వాడకాన్ని స్తంభింపజేసి, 2032 నుంచి తగ్గించడం మొదలుపెట్టాలి. ఐరోపా సమాఖ్య 2024లో చేసిన కొత్త చట్టం 2050 నాటికి వాటికి పూర్తిగా స్వస్తి చెప్పాలంటోంది. అమోనియాకు ఓజోన్‌ను దెబ్బతీసే గుణం లేదు, భూతాపాన్ని పెంచే గుణమూ లేదు. విషవాయువు కావడమే దానితో ఉన్న చిక్కు. మన ఊళ్లో పాతకాలపు యంత్రంగా కనిపించే ఆ ప్లాంటు మీదే అక్కడి ప్రయోగశాలలు పనిచేస్తున్నాయి.

కనుక మీ చివరి సంవత్సరం ప్రాజెక్టుగా మూడో నాలుగో వేలు పెట్టి బయట తయారుగా దొరికే మోడల్ కొనకుండా, ఆ ప్లాంటునే అధ్యయనం చేయండి. యాజమాన్యం అనుమతి తీసుకుని లాగ్‌బుక్ అడగండి. సక్షన్ పీడనం, డిశ్చార్జి పీడనం, ఆయిల్ పీడనం, గదుల ఉష్ణోగ్రతలు ఆపరేటర్లు వేళకు రాస్తూనే ఉంటారు. అవి గేజ్ పీడనాలు. వాటికి వాతావరణ పీడనాన్ని కలిపిన తరువాతే, శీతలకపు స్థితిని చూపే పీడన-ఎంథాల్పీ పటంలో చూడాలి. ఈ చిన్న విషయాన్ని మరచి సీఓపీ (ఖర్చయిన శక్తికి ఎంత చల్లదనం వచ్చిందనే నిష్పత్తి) లెక్కగట్టిన ప్రాజెక్టు నివేదికలు నేను అనేకం చూశాను. కండెన్సర్‌లో అమోనియా 40 డిగ్రీల వద్ద ఆవిరి నుంచి ద్రవంగా మారుతుంటే సంతృప్త పీడనం సుమారు 15.5 బార్, అంటే గేజ్ మీద 14.5 దగ్గర కనిపించాలి. ఆ ద్రవం నిల్వ ఉండే రిసీవర్‌లో ఉష్ణోగ్రత 40 చూపుతూ గేజ్ మాత్రం 16 చూపితే, వ్యవస్థలో గాలి చేరిందనే అనుమానం రావాలి. ఆ గాలిని ఎయిర్ పర్జర్‌తో తీసివేయక ముందు, తీసివేసిన తరువాత కరెంటు మీటరు రీడింగులు పోల్చి చూడండి. మే నెలలో మన తీరప్రాంతపు తేమవల్ల వెట్ బల్బ్ ఉష్ణోగ్రత (తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు చూపేది) పెరిగినప్పుడు కండెన్సర్ ఎంత వెనకబడుతుందో నెలలవారీగా గీయండి. కండెన్సింగ్ ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ తగ్గితే విద్యుత్తు సుమారు రెండు మూడు శాతం ఆదా అవుతుందని ఈ రంగంలో అందరూ అనుకునే లెక్క మీ ప్లాంటులో నిలుస్తుందో లేదో మీరే చెప్పగలుగుతారు. ఇదంతా చేయడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఒక మంచి థర్మామీటరు, ఓపిక, నాన్నగారి సహకారం ఉంటే చాలు. అమోనియా ప్లాంటులో తిరిగేటప్పుడు మాస్క్ ఎక్కడుందో, గాలి ఏ వైపుకు వీస్తోందో తెలుసుకుని, ఆపరేటర్ తోడు లేకుండా ఏ వాల్వునూ ముట్టుకోకండి.

ఇటువంటి పని చేతిలో ఉన్నప్పుడు విశ్వవిద్యాలయాల వెతుకులాట పూర్తిగా మారిపోతుంది. డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో శీతలీకరణ, క్రయోజెనిక్స్, కంప్రెసర్ల కోసం ప్రత్యేక పీఠం ఉంది. కాకపోతే అక్కడి మెకానికల్ బోధన ప్రధానంగా జర్మన్‌లో సాగుతుంది. కార్ల్స్‌రూహె అనువర్తిత శాస్త్రాల విశ్వవిద్యాలయం శీతలీకరణ, ఎయిర్ కండిషనింగ్ రంగాన్ని ప్రత్యేకంగా బోధిస్తుంది. నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో ఉన్న ఎన్‌టీఎన్‌యూ విశ్వవిద్యాలయం (అప్పట్లో ఎన్‌టీహెచ్) నుంచే 1980ల చివర్లో గుస్తావ్ లోరెంట్జెన్ కార్బన్ డయాక్సైడును తిరిగి శీతలకంగా వాడుకలోకి తెచ్చారు. అయితే 2023 నుంచి నార్వేలో మనవారికి ఫీజు మొదలైంది. అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయపు హెరిక్ ల్యాబ్స్ కంప్రెసర్ పరిశోధనకు పెట్టింది పేరు, 1972 నుంచి రెండేళ్లకొకసారి అంతర్జాతీయ కంప్రెసర్ ఇంజనీరింగ్ సదస్సు అక్కడే జరుగుతుంది. ఇలినాయ్ అర్బానా షాంపేన్‌లోనూ, మేరీల్యాండ్‌లోనూ ఇదే రంగంలో పరిశ్రమ నిధులతో నడిచే పరిశోధన కేంద్రాలు ఉన్నాయి. ఈ పేర్లలో కొన్ని మీ కన్సల్టెన్సీ ర్యాంకుల జాబితాలో పైన కనిపించకపోవచ్చు. ఈ రంగంలో ఉద్యోగమిచ్చే సంస్థ మాత్రం ఆ జాబితాను కాక, ఏ ప్రయోగశాలలో ఎవరి దగ్గర థీసిస్ చేశారో చూస్తుంది.

ఎస్ఓపీ, అంటే ఈ కోర్సు ఎందుకు కావాలో చెప్పే వ్యాసం, రాసేటప్పుడు చిన్నప్పుడు బొమ్మకార్లు విప్పి చూసిన కథలు వద్దు. దరఖాస్తులు చదివే ఆచార్యులకు ఆ కథ కంఠస్థం. లాగ్‌బుక్‌లో ఏమి కనిపించింది, ఏ లెక్క కుదరలేదు, దాన్ని తేల్చడానికి ఏ ప్రయోగశాల కావాలి అన్న మూడు విషయాలు చెబితే పేజీ నిండుతుంది. సిఫారసు లేఖలలో ఒకటి మీ ప్రాజెక్టు గైడు నుంచి, అది కూడా మీరు రాసిచ్చినది కాకుండా వారే స్వయంగా రాసినది ఉండేలా చూసుకోండి. నైపుణ్యాల విషయానికొస్తే, క్యాడ్ కోర్సు సర్టిఫికెట్లకు ప్రవేశాలలో పెద్దగా విలువ లేదు. దానికన్నా జీడీ అండ్ టీ, అంటే కొలతల హద్దులను, ఆకారంలో ఎంత తేడా వరకు ఒప్పుకోవచ్చో డ్రాయింగు మీద చూపే పద్ధతి నేర్చుకోండి. అమెరికాలో ఏఎస్ఎంఈ వై14.5 ప్రమాణం, ఐరోపాలో ఐఎస్ఓ ప్రమాణాలు నడుస్తాయి. మనం కళాశాలలో నేర్చుకునే ఫస్ట్ యాంగిల్ ప్రొజెక్షనే ఐరోపాలోనూ వాడతారు. అమెరికాలో థర్డ్ యాంగిల్ వాడతారు. ఇంటర్వ్యూలో డ్రాయింగు చేతికిచ్చి ఇదేమిటని అడిగినప్పుడు తడబడేవారిలో డిస్టింక్షన్ వచ్చినవారు కూడా ఉంటారు.

బ్రిటన్ గురించి క్లుప్తంగా చెబుతాను. ఏడాది కోర్సులో సెప్టెంబరులో చేరి, మే కల్లా పరీక్షలు రాసి, వేసవిలో డిసర్టేషన్ ముగించాలి. పరిశ్రమతో పరిచయం పెంచుకునే వ్యవధి ఉండదు. చదువు తరువాత ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్లది. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి దాన్ని 18 నెలలకు కుదించారు. నైపుణ్య వీసాకు సాధారణ వేతన పరిమితిని 2025 జులైలో 41,700 పౌండ్లకు పెంచారు, కొత్తగా చేరేవారికి కొంత సడలింపు ఉన్నా అది కూడా తక్కువేమీ కాదు. మెకానికల్ వంటి సబ్జెక్టులకు అటాస్ అనే భద్రతా అనుమతి కూడా తీసుకోవలసి రావచ్చు. అక్కడ మంచి విశ్వవిద్యాలయాలు లేవని నా ఉద్దేశం కాదు. మీ కన్సల్టెన్సీ దాన్నే ఎందుకు గట్టిగా చెబుతోందో మాత్రం ఆలోచించండి. బ్రిటన్, ఆస్ట్రేలియాలలోని చాలా విశ్వవిద్యాలయాలు చేర్పించిన విద్యార్థికి ఇంత అని ఏజెంటుకు కమీషన్ ఇస్తాయి. ఫీజే తీసుకోని జర్మన్ ప్రభుత్వ విశ్వవిద్యాలయం కమీషన్ ఇవ్వదు. విజయవాడ బెంజి సర్కిల్‌లోనైనా గుంటూరు బ్రాడీపేటలోనైనా మీకు దొరికే ‘ఉచిత కౌన్సెలింగ్’ ఖర్చు ఎక్కడినుంచి వస్తుందో అర్థమయ్యాక వారి మాటలను ఎంతవరకు తీసుకోవాలో మీకే తెలుస్తుంది. బ్యాంకు బ్యాలెన్సు చూపించే ఏర్పాటు మేమే చేస్తామనేవారి దగ్గర కూర్చోను కూడా వద్దు. తప్పుడు పత్రాలు ఇచ్చినట్లు తేలితే అమెరికా వీసాకు శాశ్వతంగా అనర్హులవుతారు. అమెరికాలో 2011లో ట్రై వ్యాలీ, 2019లో ఫార్మింగ్టన్ అనే నకిలీ విశ్వవిద్యాలయాల వ్యవహారాలలో ఇరుక్కున్నవారిలో మన తెలుగు విద్యార్థులే ఎక్కువమంది అన్న సంగతి మీ నాన్నగారికి గుర్తుండే ఉంటుంది.

మీ బడ్జెట్‌కు సరిపోయే మరో దేశం ఇటలీ, మనవాళ్ల దృష్టి దాని మీద తక్కువగా పడుతుంది. మిలాన్, టొరినో పాలిటెక్నిక్‌లు మెకానికల్‌లో పేరున్నవి, మాస్టర్స్‌లో ఇంగ్లీషు బోధన ఉంది. ఫీజు కుటుంబ ఆదాయాన్ని, ఆస్తిని బట్టి నిర్ణయిస్తారు. ఆదాయం తక్కువైతే ప్రాంతీయ ప్రభుత్వపు స్కాలర్‌షిప్ కూడా రావచ్చు. అందుకు నాన్నగారి ఆదాయం, ఇల్లు, పొలం వివరాలను అధికారికంగా అనువదించి ధ్రువీకరించిన పత్రాలు కావాలి, వాటికి రెండు మూడు నెలలు పడుతుంది. అలాగే ఐరోపాలో రెండు మూడు విశ్వవిద్యాలయాలు కలిసి నడిపే ఎరాస్మస్ ముండస్ కోర్సుల స్కాలర్‌షిప్‌కు ఎంపికైతే ఫీజు ఉండదు, పైగా నెలకు 1,400 యూరోలు ఇస్తారు. పోటీ తీవ్రమే అయినా మీ కోల్డ్ స్టోరేజీ పని ఉంటే ప్రయత్నించదగినదే. మీరు ఎస్సీ వర్గానికి చెంది, కుటుంబ ఆదాయం ఏడాదికి ఎనిమిది లక్షల లోపు ఉంటే కేంద్ర ప్రభుత్వపు జాతీయ విదేశీ స్కాలర్‌షిప్ కూడా చూడండి.

కంప్యూటర్స్‌కు మారమనేవారికి నా జవాబు ఇది: మెకానికల్ ఇష్టం లేకపోతే ఇక్కడే మారండి, ముప్పై లక్షలు పెట్టి మెకానికల్ పేరుతో వెళ్లి అక్కడ మారకండి. ఇష్టం ఉండి, ఏ శాఖో తేలకపోతే ఏడాది రెండేళ్లు ఉద్యోగం చేయండి. చెన్నై, పుణె వరకు వెళ్లనక్కర లేకుండా పెనుకొండ దగ్గర కియా, శ్రీసిటీలోని ఏసీ, కంప్రెసర్ తయారీ సంస్థలు, మనకు దగ్గరలోనే మల్లవల్లిలో 2025లో మొదలైన అశోక్ లేలాండ్ బస్సుల ప్లాంటు ఉన్నాయి. షాప్‌ఫ్లోర్ అనుభవం ఉన్నవారికి జర్మనీలో విద్యార్థి ఉద్యోగం త్వరగా దొరుకుతుంది.

మీ సప్లీల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. రెండు సబ్జెక్టులు, అవి కూడా రెండో సంవత్సరంలో పోయి వెంటనే పూర్తయ్యాయి. వాటివల్ల దరఖాస్తు ఆగదు. అవి మెకానిక్స్, థర్మోడైనమిక్స్ అయితే మాత్రం పై తరగతుల్లో అదే శాఖ సబ్జెక్టుల్లో మంచి మార్కులు చూపించాలి. మెమోలలో వాటిని దాచే ప్రయత్నం చేయవద్దు. ట్రాన్స్‌క్రిప్టులలో ఉత్తీర్ణత నెల, సంవత్సరం కనిపిస్తాయి. ఎన్ని సెట్లు కావాలో ముందే చూసుకుని ఒకేసారి కాకినాడ నుంచి తెప్పించుకుంటే రెండోసారి తిరగక్కరలేదు.

చివరగా పొలం మీద అప్పు. ప్రభుత్వ బ్యాంకులు ఏడున్నర లక్షల వరకు ప్రభుత్వ హామీ పథకం కింద తనఖా లేకుండా విద్యారుణం ఇస్తాయి. ఆ పైన సాధారణంగా ఆస్తి హామీ అడుగుతాయి. తీరని అప్పుకు హామీ ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునే వీలు కల్పించే సర్ఫేసీ చట్టంలోని 31వ సెక్షను ప్రకారం వ్యవసాయ భూమిని బ్యాంకు ఆ చట్టం కింద స్వాధీనం చేసుకోలేదు కాబట్టి, విద్యారుణానికి పొలాన్ని హామీగా తీసుకోవడానికి బ్యాంకులు ఇష్టపడవు. ఇల్లు, ఇళ్లస్థలం, ఫిక్స్‌డ్ డిపాజిట్, ఎల్ఐసీ పాలసీ ఉంటే తీసుకుంటాయి. పొలం కాగితాలు పెట్టి బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకోవడమంటే ఏడాదికి 24 శాతం. ఏ దేశపు ఉద్యోగంతోనైనా మొదటి ఏళ్లలో తీర్చలేని అప్పు అది. పైగా బ్యాంకు విద్యారుణం వడ్డీకి పాత పన్ను విధానంలో ఎనిమిదేళ్లపాటు మినహాయింపు ఉంది, చేబదులుకు లేదు. బ్యాంకు రుణంతో పంపే ఫీజుపై 2025 ఏప్రిల్ నుంచి టీసీఎస్ (విదేశాలకు డబ్బు పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) కూడా పడదు. కాబట్టి పాసు పుస్తకాలను పక్కన పెట్టి, గుంటూరు ఇంటి దస్తావేజులు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ, మునిసిపల్ పన్ను రసీదు, ఆమోదిత ప్లాను ఒక ఫైలుగా చేసి, సీటు రాకముందే బ్యాంకు ప్యానెల్ న్యాయవాదికి చూపించండి. ప్లాను లేకుండా కట్టిన పై అంతస్తును విలువ కట్టేటప్పుడు లెక్కలోకి తీసుకోకపోవచ్చు. ఆ సంగతి వీసా తేదీకి ముందు వారంలో కాక, ఇప్పుడే తెలియడం మీకు మంచిది.